సూదికి ముందు రెండు నిమిషాలు

గౌరవనీయులైన వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి,
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అమరావతి.

విషయం: అప్పుడే పుట్టిన బిడ్డలకు సూదులు వేసేటప్పుడు, రక్తం తీసేటప్పుడు, గొట్టాలు పెట్టేటప్పుడు కలిగే నొప్పిని తగ్గించే పద్ధతులను అన్ని ఆసుపత్రుల్లో తప్పనిసరి చేయాలని కోరుతూ సమర్పించుకుంటున్న వినతిపత్రం.

అయ్యా,

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలనో, పుట్టగానే జబ్బుపడ్డ పిల్లలనో నవజాత శిశు విభాగాల్లో ఉంచి, దేవుడి దయ వల్లా మీ సిబ్బంది కష్టం వల్లా బతికించుకుని ఇంటికి తెచ్చుకున్నవాళ్లం మేము. తల్లులం, అమ్మమ్మలం, నాయనమ్మలం, ఇద్దరు ముగ్గురు తండ్రులం కూడా. మాకు సంఘం లేదు, లెటర్‌హెడ్ లేదు. టీకాలు వేసే బుధవారాల్లో ఉపకేంద్రం వరండాలో కూర్చుని చెప్పుకున్న మాటలే ఈ కాగితం మీదికి వచ్చాయి. రాసిన చెయ్యి మాత్రం ఒకరిది. నేను ప్రభుత్వాసుపత్రుల్లో 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా, హెడ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. నా చేత్తో ఎన్ని వేల పసిమడమలు గుచ్చానో లెక్క లేదు. ఇందులో ఎక్కడైనా గొంతు పెరిగితే, అందులో సగం నా మీద నాకున్న కోపమేనని తమరు మన్నించాలి.

ముందే ఒక సంగతి చెప్పుకుంటాం. మేము సూదులు వద్దనడం లేదు. పుట్టగానే తొడకు వేసే విటమిన్ కె ఇంజెక్షన్ బిడ్డను రక్తస్రావం నుంచి కాపాడుతుంది. 24 గంటల్లోపు వేసే హెపటైటిస్ బి టీకా, ఎడమ భుజానికి వేసే బీసీజీ ఎంత అవసరమో మా ఊళ్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. మడమలో చుక్క రక్తం తీసి చూస్తేనే కదా బిడ్డకు షుగరు పడిపోయిందని తెలిసేది. ఆ సూదుల పుణ్యమా అనే మా పిల్లలు బతికి బట్టకట్టారు. సిస్టర్ల మీదా డాక్టర్ల మీదా ఫిర్యాదు కూడా కాదిది. మేము అడిగేదల్లా సూదికి ముందు రెండు నిమిషాలు, సూది పడే వేళ తల్లి ఒడి. మేము తిరిగిన ఆసుపత్రుల్లో ఆ రెండూ మా పిల్లలకు దొరకలేదు.

పోయిన ఏడాది నా కూతురికి 32వ వారంలోనే కాన్పయింది. ఆడపిల్ల, 1,600 గ్రాములు. పుట్టగానే ఆయాసంగా ఉందని బాక్సులో పెట్టారు. అది ఏ ఆసుపత్రో ఇక్కడ రాయడం లేదు, అక్కడివాళ్లు రాత్రింబవళ్లు పడ్డ పాట్లు కళ్లారా చూశాను గనక. రిటైరైన సిస్టర్నని చెప్పుకుని, అద్దం ఇవతల నిలబడడానికి అనుమతి సంపాదించాను. చేతిలో తల్లీబిడ్డల రక్షణ కార్డు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు, అందులో ఒక తెల్లకాగితం. పిల్లకు సూది గుచ్చినప్పుడల్లా, గొట్టం వేసినప్పుడల్లా దాని మీద ఒక గీత గీశాను. నాలుగు నిలువు గీతల మీద ఐదోది అడ్డంగా, రైసుమిల్లులో బస్తాలు లెక్కపెట్టినట్టు. 11 రోజులకు 61 గీతలయ్యాయి. పగటిపూట నేను నిలబడ్డ గంటల్లో నా కంట పడ్డవే అవి. రాత్రుళ్ల లెక్క అందులో లేదు.

ఆరో రోజున చూశానది. సిస్టరు స్పిరిట్ దూదితో మడమ తుడిచింది. సూది ఇంకా ట్రేలోనే ఉంది. పిల్ల కాలు వెనక్కి లాక్కుంది. కనుబొమలు దగ్గరికి ముడుచుకున్నాయి. కళ్లు గట్టిగా మూసుకుంది. ముక్కు పక్కన మడత పడింది, నోరు నలుచదరంగా తెరుచుకుంది, నాలుక బిగుసుకుంది. గొంతు మాత్రం రాలేదు. నెల తక్కువ పిల్లలకు ఏడవడానికి కూడా ఓపిక ఉండదు. తర్వాత సూది పడింది. మానిటర్ మీద గుండె వేగం ఎగిరింది, ఆక్సిజన్ అంకె జారింది. మడమ అప్పటికే కమిలి నేరేడుపండు రంగుకు వచ్చింది. సిస్టరు చుక్కను పట్టీ మీద వేసుకుని పక్క బాక్సు దగ్గరికి వెళ్లింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమె కోసం ఇంకా ఐదు బాక్సులు ఎదురు చూస్తున్నాయి. నా సర్వీసులో ఆ మొహం ఎన్ని వేలసార్లు నా ముందుకు వచ్చి ఉంటుందో! నేను చూసింది మడమను. చుక్క సరిగా వచ్చిందా లేదా, అంతే.

దూది తగలగానే కాలు ఎందుకు లాక్కుందన్నది నన్ను నిద్రపోనివ్వలేదు. టొరంటోలో చేసిన ఒక పరిశీలన 2002లో అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చయింది. షుగరు జబ్బున్న తల్లులకు పుట్టిన పిల్లలకు మొదటి రోజంతా మాటిమాటికీ మడమ గుచ్చి షుగరు చూడాల్సి వస్తుంది. అలాంటి పిల్లలకు ఆ తర్వాత చేతి నరంలో రక్తం తీయబోతే, చర్మం తుడుస్తుండగానే మొహం ముడుచుకున్నారు. సూది పడ్డాక కూడా మిగతా పిల్లల కన్నా ఎక్కువ బాధపడ్డారు. పుట్టి ఒకటిన్నర రోజు కాకముందే, తుడవడం వెనకాల ఏం వస్తుందో వాళ్లకు తెలిసిపోయిందన్నమాట. తల్లిని గుర్తుపట్టడం నేర్చుకోవాల్సిన రోజుల్లో మన పిల్లలు నేర్చుకుంటున్న మొదటి పాఠం ఇదీ.

"పసిగుడ్లకు నొప్పేం తెలుస్తుంది" అని మాకు ట్రైనింగులోనే చెప్పారు. అది మన ఊరి అజ్ఞానమేమీ కాదు. 1980ల దాకా అమెరికా, ఇంగ్లండ్‌ల పెద్దాసుపత్రుల్లో కూడా నెల తక్కువ పిల్లలకు నొప్పి తెలియకుండా చేసే మందు ఇవ్వకుండా, కదలకుండా కండరాలను పడేసే మందు మాత్రం ఇచ్చి ఆపరేషన్లు చేసేవాళ్లు. 1985లో అమెరికాలో జెఫ్రీ లాసన్ అనే పిల్లవాడికి గుండె దగ్గర ఆపరేషన్ అలాగే జరిగింది. బిడ్డ పోయాక ఆ సంగతి తెలిసిన తల్లి జిల్ లాసన్ ఊరుకోలేదు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది, పత్రికలకెక్కింది. దాదాపు ఆ రోజుల్లోనే, ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన మన దేశపు డాక్టరు కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్, ఆపరేషన్ నుంచి తిరిగొచ్చిన పిల్లలు అంతలా వాడిపోవడానికి కారణమేమిటని పరిశోధన మొదలుపెట్టాడు. 1987లో లాన్సెట్ పత్రికలో అది అచ్చయింది. ఫెంటానిల్ అనే నొప్పి మందు కూడా ఇచ్చిన పిల్లల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు అంతగా పెరగలేదు, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తగ్గాయి. పసివాళ్లకు కూడా మత్తు ఇచ్చే ఆపరేషన్ చేయాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ చెప్పింది ఆ ఏడాదే. తర్వాత 2015లో ఆక్స్‌ఫర్డ్‌లో పదిమంది పసిపిల్లలను ఎంఆర్ఐలో పడుకోబెట్టి, పాదం మీద మెల్లగా పొడిచి చూశారు. పెద్దవాళ్ల మెదడులో నొప్పికి స్పందించిన 20 చోట్లలో 18 పిల్లల మెదడులోనూ స్పందించాయి. పైగా నొప్పిని కిందికి అణిచే నాడీ వ్యవస్థ నెల తక్కువ పిల్లలకు ఇంకా తయారై ఉండదు. అంచేత వాళ్లకు తెలిసే నొప్పి మనకన్నా తక్కువేమీ కాదు, ఎక్కువే.

ఇవన్నీ తమ శాఖలోని డాక్టర్లకు తెలియనివి కావు. తెలిసినవి వార్డు తలుపు దాటి లోపలికి రాలేదన్నదే మా బాధ. ఇది ఒక్క మన దగ్గరి జబ్బు కూడా కాదు. ప్యారిస్ ప్రాంతంలోని ఆసుపత్రుల్లో 430 మంది పసిపిల్లలను మొదటి రెండు వారాలు గమనించి, 2008లో లెక్కలు ప్రకటించారు. సగటున ఒక్కో బిడ్డకు రోజుకు పదిసార్లు నొప్పి కలిగించే పని జరిగింది. అందులో నూటికి 79 సార్లు ముందుగా నొప్పి తగ్గించే ఏర్పాటేదీ చేయలేదు. డబ్బుకు, సిబ్బందికి కొదవలేని చోట సంగతి ఇది.

ఏజెన్సీ పల్లెలో ఎవరో ముసలమ్మ పసిబిడ్డ పొట్ట మీద వాతలు పెట్టిందని పేపర్లో వస్తే మనమందరం ఆమెను తిట్టిపోస్తాం. తిట్టాల్సిందే, ఆ వాతకు ఏ ప్రయోజనమూ లేదు. మా సూదికి ప్రయోజనం ఉంది. నొప్పి దగ్గరికి వచ్చేసరికి ఆమెకూ నాకూ పెద్ద తేడా లేదని మాత్రం రిటైరయ్యాక గానీ నాకు తట్టలేదు.

ఇక మా కోరికలు.

మొదటిదీ, అన్నిటికన్నా పెద్దదీ ఇది: సూది వేళకు తల్లిని బయటికి పంపకండి. "నువ్వు చూడలేవమ్మా, కాసేపు బయట ఉండు" అంటారు. నేనూ అన్నాను. ఆ మాటలో దయ ఉంది, కాదనం. కానీ ఆ గదిలో ఉన్న మందులన్నిటిలో మేలైనదాన్ని బయటికి పంపేస్తున్నామని అప్పుడు తోచలేదు. బిడ్డ రొమ్ము పట్టి గుక్కలు పడ్డాక, తాగుతూ ఉండగానే సూది వేస్తే ఏడుపు తగ్గుతుంది, ఏడ్చినా ఇట్టే ఊరుకుంటుంది, గుండె వేగమూ అంతగా పెరగదు. ఇది అమ్మమ్మల మాట కాదు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సమీక్షలు తేల్చిన మాట. తాగే శక్తి లేని బిడ్డనైతే పది పదిహేను నిమిషాల ముందు నుంచే తల్లి గుండెకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టాలి. కంగారూ పద్ధతి పేరుతో మీ శాఖే బరువు తక్కువ పిల్లలకు నేర్పుతున్నదిది. ఆ గుడ్డలోంచి ఒక్క పాదం బయటికి తీసి మడమ గుచ్చడానికి అడ్డేమీ లేదు. అడ్డల్లా సిస్టరు నడుమే. నిలబడి వంగి చేసే అలవాటు మాది. తల్లికి ఒక వాలుకుర్చీ, సిస్టరుకు ఒక పొట్టి స్టూలు వేస్తే పని జరిగిపోతుంది. కాబట్టి ప్రతి నవజాత శిశు విభాగానికీ కుర్చీలు, స్టూళ్లు మంజూరు చేయాలని కూడా ఇందులోనే కలిపి అడుగుతున్నాం. నవ్వకండి, మా కోరికల్లో ఫర్నిచర్ ఖర్చు ఉన్నది ఇదొక్కటే.

తల్లులు లోపలికొస్తే ఇన్ఫెక్షన్ వస్తుందంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో మన దేశంతో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో 3,211 మంది బరువు తక్కువ పిల్లల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. మన దేశంలో అది జరిగింది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో. పుట్టిన వెంటనే తల్లిని బిడ్డతో పాటే ఐసీయూలో ఉంచి, గుండెకు ఆనించి పెంచిన పిల్లల్లో మరణాలు నూటికి 12. మామూలు పద్ధతిలో ఉంచిన పిల్లల్లో దాదాపు 16. ఇన్ఫెక్షన్ అనుమానాలు కూడా తల్లి దగ్గరున్న పిల్లల్లోనే తక్కువ. చేతులు కడిగించి, గౌను వేసి లోపలికి రానివ్వడానికి ఇంతకన్నా ఏం రుజువు కావాలి? తల్లికి ఆపరేషనై వేరే వార్డులోనో, వేరే ఊళ్లోనో ఉంటే తండ్రి ఛాతీ ఉంది. మగవాళ్లకు ప్రవేశం లేదన్న బోర్డు ఈ ఒక్క పనికైనా పక్కన పెట్టండి.

ఇదే మాట టీకాలకూ వర్తిస్తుంది. ఆరో వారంలో పిల్లలకు ఒకే పూట పెంటావాలెంట్, న్యుమోకోకల్, ఎఫ్‌ఐపీవీ అని మూడు సూదులు పడతాయి. తల్లి పాలిస్తూ ఒడిలో పట్టుకోవాలనీ, ఎక్కువ నొప్పెట్టే టీకా చివర వేయాలనీ, సూది గుచ్చాక రక్తం వస్తుందేమోనని పిస్టన్ వెనక్కి లాగి చూడొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మా దగ్గర జరిగేది దీనికి తలకిందులు. బల్ల మీద పడుకోబెట్టి, ఒకరు కాళ్లు నొక్కి పట్టుకుంటే ఇంకొకరు వేస్తారు. పోలియో చుక్కలు వేశాక అరగంట పాలివ్వకూడదన్న పాత నమ్మకం ఒకటి దీనికి తోడైంది. అలాంటి నియమమేదీ లేదు, చుక్కలు పడ్డ మరుక్షణమే పాలు పట్టొచ్చు. ఈ ఒక్క ముక్క ఏఎన్ఎంలకూ ఆశా కార్యకర్తలకూ రాతపూర్వకంగా పంపితే బుధవారాల్లో ఉపకేంద్రం గోల సగం తగ్గుతుంది.

రెండో కోరిక, పేరులో చెప్పిన రెండు నిమిషాలు. తల్లి దగ్గర లేనప్పుడు, పాలు పట్టడం కుదరనప్పుడు, సూదికి రెండు నిమిషాల ముందు నాలుక కొస మీద కొన్ని తీపి చుక్కలు వేయాలి. పైదేశాల్లో 24 శాతం చక్కెర ద్రావణం ఇందుకోసమే తయారుగా దొరుకుతుంది. మనం దాన్ని కొనక్కర్లేదు. షుగరు పడిపోయిన వాళ్లకు ఎక్కించడానికి 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఆంపూల్ వార్డుల్లో ఉండనే ఉంటుంది. గ్లూకోజ్ కూడా దాదాపు అలాగే పనిచేస్తుందని పరీక్షలు చెబుతున్నాయి. ఆంపూల్ ఖరీదు టీ కప్పుకు అటూ ఇటూ. బిడ్డ బరువును బట్టి ఎన్ని చుక్కలో, రోజుకు ఎన్నిసార్లు మించకూడదో డాక్టరు కేస్ షీటులో ముందే రాసి ఉంచాలి. ఒకరికి తెరిచింది ఇంకొకరికి వాడకూడదు, మిగిలింది మరో షిఫ్టుకు దాచకూడదు. బలహీనంగా ఉన్న బిడ్డకు అసలు ఇవ్వొచ్చో లేదో డాక్టరే తేల్చాలి. తల్లి పిండి పంపిన పాలుంటే వాటి చుక్కలైనా మేలే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఈ మాట ఊళ్లోకి వెళ్తే "చూశారా, మేము తేనె నాకించేది ఇందుకే" అని మా అత్తలు పండగ చేసుకుంటారు. తేనె వద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనెతో బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. తీపి చుక్క ఆసుపత్రిలో సూదికి ముందు వేసేదే తప్ప ఇంట్లో ఏడుపు మాన్పేది కాదని కౌన్సెలింగులో గట్టిగా చెప్పాలి. రెండో సంగతి మా వాదానికి కాస్త ఎదురుగా నిలిచేదే అయినా దాచడం న్యాయం కాదు. తీపి మొహంలోని బాధను తగ్గించినా మెదడుకు చేరే నొప్పి సంకేతాన్ని తగ్గించడం లేదని లండన్‌లో 2010లో ఒక పరిశోధన తేల్చింది. దాని మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి. అందుకే మేము తీపిని తల్లి తర్వాతే పెట్టాం. తల్లి రాగలిగిన చోట చుక్క వేసి చేతులు దులుపుకోకూడదు.

మూడోది, కేస్ షీటులో ఒక గడి. జ్వరానికి గడి ఉంది, గుండె వేగానికి ఉంది, ఊపిరికి ఉంది, మూత్రానికి, విరేచనానికి ఉంది. నేను నింపిన కేస్ షీట్లలో నొప్పికి లేదు. మొహం, ఏడుపు, ఊపిరి, చేతులు, కాళ్లు, మెలకువ అనే ఆరింటిని చూసి సున్నా నుంచి ఏడు దాకా మార్కులు వేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. నిప్స్ అంటారు. నేర్చుకోవడానికి ఒక పూట చాలు, వేయడానికి నిమిషం పట్టదు. దాని పక్కనే ఇంకో గడిలో ఈ రోజు ఎన్ని సూదులు, ఒక్కోదానికి ఎన్ని ప్రయత్నాలు అన్నది రాయాలి. అద్దం ఇవతల నిలబడి నేను గీసిన గీతలను అద్దం అవతల మీరు గీయమంటున్నాం. అంకె కళ్ల ముందుంటే రౌండ్స్‌కు వచ్చిన డాక్టరే అడుగుతారు, ఈ మూడు పరీక్షలకూ మూడుసార్లు ఎందుకు గుచ్చారు, ఒకేసారి తీయలేకపోయారా అని.

"నరం దొరకడం లేదు" అన్న మాట పిల్లల వార్డుకు వెళ్లిన ప్రతి ఇంటివాళ్లకూ తెలుసు. ఒక నైట్ డ్యూటీలో నేను ఒక బిడ్డకు ఐదుసార్లు గుచ్చి ఆరోసారి కాన్యులా ఎక్కించాను. గెలిచాననుకున్నాను. తెల్లారి ఆ తల్లి నాకు దణ్ణం పెట్టింది కూడా. ఒకరికి రెండు ప్రయత్నాలే, తర్వాత చెయ్యి మారాలి, అదీ కుదరకపోతే సీనియర్ను పిలవాలి అన్న నియమం ఆ రాత్రి ఉంటే నేను మూడోసారి సూది పట్టేదాన్ని కాదు. ఆ నియమం పెట్టండి. దాన్ని పాటించి సీనియర్ను నిద్రలేపిన జూనియర్ చివాట్లు తినకుండా కూడా చూడండి.

పనిముట్ల సంగతి రెండు ముక్కల్లో చెప్తాం. మడమ గుచ్చడానికి మేము 26వ నంబరు ఇంజెక్షన్ సూదే వాడాం. ఎంత లోతుకు దిగుతుందన్నది చేతి వాటమే. స్ప్రింగుతో పనిచేసి, లెక్క ప్రకారం లోతుకే దిగి వెనక్కి వచ్చే లాన్సెట్లతో నొప్పీ తక్కువ, కమలడమూ తక్కువ. నెలలు నిండిన బిడ్డకు కాస్త ఎక్కువ రక్తం కావాల్సినప్పుడు మడమ పిండడం కన్నా చెయ్యి తిరిగిన మనిషి నరంలోంచి తీస్తే బాధ తక్కువ. కామెర్లకు చర్మం మీద ఆనించి చూసే మీటర్లు ఉన్నాయి. లైటు కింద పెట్టక ముందు ఏ బిడ్డకు రక్తం తీయాలో, ఏ బిడ్డకు అక్కర్లేదో వాటితో చాలావరకు తేలిపోతుంది. రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ కొనుగోలు జాబితాలో ఈ లాన్సెట్లనూ మీటర్లనూ అన్ని ప్రసూతి ఆసుపత్రులకూ సరిపడా చేర్చాలి.

పాలు, తీపి, ఒడి చిన్న నొప్పులకే చాలతాయి. పెద్ద పనులకు వీటితో సరిపెట్టే ప్రమాదం ఉంది గనక ఇది విడిగా రాస్తున్నాం. ఛాతీలో గొట్టం వేయడం, వెన్నులోంచి నీరు తీయడం, అత్యవసరం కానప్పుడు గొంతులోకి శ్వాసగొట్టం దించడం లాంటివాటికి అసలైన నొప్పి మందులూ మత్తు మందులూ కావాలి. మడమ పోటుకు పారాసిటమాల్ పనిచేయదని కూడా సిబ్బందికి చెప్పాలి, చుక్క మందు వేశాం కదా అన్న తృప్తి వాళ్లకు మిగలకుండా. నెల తక్కువ పిల్లలకు నాలుగో వారం నాటికి చేసే రెటీనా పరీక్షను చూసిన తల్లులు మాలో నలుగురున్నారు. రెప్పలు విడదీసి క్లిప్పు పెడతారు. చూపు పోకుండా కాపాడే పరీక్ష అది, తప్పదు. కంటిలో తిమ్మిరి చుక్కలు, నోట్లో తీపి చుక్కలు, ఒళ్లంతా గుడ్డలో ఒద్దికగా చుట్టి ఒకరు తల దగ్గర చెయ్యేసి పట్టుకోవడం, ఈ మూడూ ఉంటేనే పరీక్ష మొదలుపెట్టాలి. ఆ పట్టుకునే చెయ్యి తల్లిది కావడానికి వీలుంటే మరీ మంచిది. ఆ నలుగురిలో ఒకామె కళ్లు మూసుకునైనా సరే అక్కడే ఉంటానంది.

ప్రైవేటు ఆసుపత్రులను వదిలేయమనడం లేదు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద పసిపిల్లల చికిత్సకు ప్రభుత్వమే డబ్బు కడుతోంది. బిల్లుతో పాటు నొప్పి గడి నింపిన కేస్ షీటు కూడా పంపాలని ఒక్క షరతు పెడితే వాళ్లు మనకన్నా ముందే నేర్చుకుంటారు. బిల్లుకున్న శక్తి సర్క్యులర్‌కు ఉండదు.

ఇన్ని అడిగి సిబ్బంది మాట ఎత్తకపోతే పాపం మూటగట్టుకున్నట్టే. రాత్రిపూట ఇద్దరు సిస్టర్లు, నిండా బాక్సులు, ఒకచోట అలారం మోగుతుంటే రెండు నిమిషాలు ఆగమనడం తేలిక. ఆగడానికి మనిషి కావాలి. ఖాళీ పోస్టులు నింపండి. నింపేలోగా, తల్లిని లోపలికి రానిస్తే ఆమె కూడా రెండు చేతులే అవుతుంది. చుట్టడం, ఒడిసి పట్టుకోవడం, పాలు పిండి ఇవ్వడం, ఏ చెయ్యి కమిలిందో గమనించి చెప్పడం అన్నీ ఆమె చేయగలదు. నర్సింగ్ స్కూళ్లలో కూడా కాన్యులా వేయడం నేర్పే రోజునే మొహం చూడడం నేర్పాలి. బొమ్మ చేతికి గుచ్చి నేర్చుకున్న తరం మాది, బొమ్మకు మొహం లేదు.

ఈ కోరికలన్నీ ఒక్కరోజులో కావని మాకు తెలుసు. నవంబరు 15 నుంచి 21 దాకా జాతీయ నవజాత శిశు వారం జరుపుతారు. ఏటా బ్యానర్లు కడతారు, ర్యాలీ తీస్తారు, ఫొటోలు దిగుతారు. ఈసారి నవంబరు 15 నాటికి రెండు కాగితాలు ఇప్పించండి. సూది వేళ తల్లిని బయటికి పంపకూడదన్న ఉత్తర్వు ఒకటి. నొప్పి గడి, సూదుల గడి ఉన్న కొత్త కేస్ షీటు నమూనా ఇంకొకటి. జిల్లాకు ఒక ఆసుపత్రిలో మూడు నెలలు నడిపి చూడండి. మూడు నెలల తర్వాత ఆ గడుల్లోని అంకెలను దాచకుండా మాకూ చూపించండి. పిలిస్తే ఎక్కడికైనా వచ్చి చెప్పడానికి సిద్ధంగా ఉన్నాం. కొత్త సిస్టర్లకు నేర్పడానికి రిటైరైనవాళ్లం నలుగురైదుగురం ఉన్నాం. బత్తెం అక్కర్లేదు, బస్సు చార్జీలిస్తే చాలు.

ఇట్లు,
తమ విధేయులు,
వెనక పేజీల్లో సంతకాలు, వేలిముద్రలు చేసిన తల్లులు, తండ్రులు, అమ్మమ్మలు, నాయనమ్మలు

జత: 61 గీతలున్న కాగితం జిరాక్సు. అసలు కాగితం పిల్ల తల్లి దగ్గరుంది, ఇవ్వనంది.